రింగు కలిసే చోటు

కొలతలక్క అసలు పేరేమిటని ఆ వెల్డింగ్ షాపులో ఎవరినైనా అడిగి చూడండి, నెత్తి గోక్కుంటారు. హాజరుపట్టీలో ఉండే ఉంటుంది, కాని దాన్ని తిరగేసే తీరిక ఎవరికుంది? ఇరవై రెండేళ్లుగా ఆవిడ చేతిలో వంకర చూపే సూది ఉన్న డయల్ గేజి, చెవి మీద పెన్సిలు, చంకలో అట్ట ఊడిన నోటుబుక్కు. ఇనుప పలక వెల్డింగుకి ముందు ఎంత చదునుగా ఉంది, వెల్డింగయ్యాక ఎంత వంగింది, ఈ రెండూ కొలిచి రాయడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లోనూ అదే బుద్ధి. గోడకి మేకు కొడితే ఒక పక్కకి ఒరిగిందంటుంది, కూతురు జడ వేసుకుంటే పాపిడి వంకరపోయిందంటుంది. పాపం ఆ మొగుడు, భోజనానికి కూర్చున్నా నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంటాడు.

వెల్డింగు సంగతి తెలియనివాళ్లు ఉంటారు కాబట్టి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను, విసుక్కోకండి. రెండు ఇనుప ముక్కల్ని పక్కపక్కన పెట్టి, మధ్యలో గాడి వదులుతారు. వెల్డరు చేతిలోని గన్నులోంచి తీగ వచ్చి, కరిగి, ఆ గాడిలో నిండుతుంది. అదంతా ఎర్రగా కాలిపోతూ ఉంటుంది కదా, చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. తన మానాన తాను కుంచించుకుపోతే గొడవే లేదు. అటూ ఇటూ ఉన్న పలకల్ని కూడా పట్టుకుని లాగుతుంది. అంగుళం మందం ఇనుము కూడా తడిసి ఆరిన అట్టలాగా వంకర తిరుగుతుంది.

దీనికి విరుగుడు ఒకటే. ఎటు వంగుతుందో తెలిసినవాడు ముందే దాన్ని ఎదురు దిక్కుకి వంచి, క్లాంపులు బిగించి, అప్పుడు వెల్డింగు మొదలుపెడతాడు. చల్లారేటప్పుడు లాగిన లాగుడుకి అది చదునుకి వచ్చి ఆగుతుంది. ఎటు వంచాలి, ఎంత వంచాలి అన్నదే అసలు విద్య. ఆ విద్యలో ఆ చుట్టుపక్కల షాపులన్నిటికీ మొనగాడు బావ.

బావంటే కొలతలక్కకి బావ, సొంత అక్క మొగుడు. షాపుకి హెడ్ వెల్డరు. అందరూ మేస్త్రీ అని పిలిస్తే ఈవిడొక్కతే నలుగురి ముందూ బావా అంటుంది. మరదల్ని ఏడిపించనిదే ఆయనకి పొద్దు గడవదు. మా మరదలు నవ్వినా మిల్లీమీటర్లలోనే నవ్వుతుందంటాడు. నీ కోతలు మాత్రం మీటర్లలో ఉంటాయిలే బావా అని ఈవిడ అప్పచెబుతుంది. షాపంతా నవ్వుతుంది. ఇరవై రెండేళ్లుగా ఇదే భాగోతం.

ఆ షాపులో ఒక కట్టుబాటుంది, అది గుర్తుంచుకోండి. వెల్డరు తన పనిని తాను కొలవకూడదు. గేజి ముట్టుకోకూడదు, కొలతల పుస్తకం తెరవకూడదు. చేసినవాడే మార్కులు వేసుకుంటే ఎవడు మాత్రం తక్కువేసుకుంటాడని ఎప్పుడో పాత యజమాని పెట్టిన పద్ధతి. అందుకని బావ చేసిన పని ఎలా వచ్చిందో బావకి తెలియాలంటే మరదలు నోరు విప్పాలి. ఇంకో దారి లేదు.

కొలతలక్క పనిలో చేరిన మూడో వారంలో బావ ఒక పెద్ద రింగు వెల్డ్ చేశాడు. చదునైన ఇనుప చక్రం, దాని మీద నిలువుగా ఒక గొట్టం, రెండిటికీ చుట్టూ అతుకు. ఆవిడ గేజి పట్టుకుని రింగు అంచంతా తిరిగింది. అంతా బాగానే ఉంది. ఒక్క చోట, అతుకు మొదలై చుట్టూ తిరిగొచ్చి కలిసే చోట, సూది రెండు మిల్లీమీటర్లు కిందికి పోయింది. మూడు దాకా పరవాలేదన్నారు కాబట్టి రింగు పాసయిపోయింది. మధ్యాహ్నం భోజనాల దగ్గర బావ, మొహం నిండా మసితో, ఎలా ఉంది అని అడిగాడు. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. ఆయన కళ్లు చూస్తూ ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఈవిడ వల్ల కాలేదు. అద్దంలా ఉంది బావా అంది. పాసయింది కదా, అబద్ధమేముందిలే అని తనకి తానే సర్దిచెప్పుకుంది.

ఒకసారి అద్దమన్నాక రెండోసారి గుంట అని ఎలా అంటుంది? తర్వాత రింగు, ఆ తర్వాత రింగు, అన్నిట్లోనూ అదే చోట అదే గుంట. ఒకసారి రెండు, ఒకసారి ఒకటీ ఎనిమిది. నోటుబుక్కులో మాత్రం ఏనాడూ అంకె మార్చలేదు, ఉన్నది ఉన్నట్టు రాసింది. బావకి మాత్రం ముప్పై ఎనిమిది సార్లు అద్దమే చెప్పింది. ఆయన ఆ అద్దాన్ని పట్టుకుని ఊరంతా చెప్పుకు తిరిగాడు.

ముప్పై తొమ్మిదో రింగు దగ్గర వచ్చింది చిక్కు. ఒక ఆసుపత్రిలో పెడతారట, రోగి పడుకుంటే ఆయన చుట్టూ తిరుగుతూ లోపలి గడ్డ మీదికి కిరణం పంపే పెద్ద యంత్రం. దానికి పీఠం ఈ రింగు. అడ్డంగా కొలిస్తే మూడు మీటర్లు. పీఠం ఒరిగితే కిరణం ఒరుగుతుంది, కిరణం ఒరిగితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని ఒక్క మిల్లీమీటరు, అంతకి మించి వంకర ఉండకూడదన్నారు. పలక ప్రత్యేకంగా పోతపోయించి, నాలుగు నెలలు ఎదురు చూస్తే వచ్చింది. రెండోది లేదు.

యజమాని ఈసారి మేస్త్రి అంచనా మీద వదలనన్నాడు. కంప్యూటర్లో ముందే వెల్డింగు చేసి చూపించే ఇంజనీరమ్మని పెట్టాడు. సన్నగా, కళ్లజోడుతో, పాతికేళ్లు దాటి ఉంటాయంతే. ఏ మాటకామాట చెప్పుకోవాలి, పిల్ల గట్టిది. బావ తుక్కు ఇనుము మీద రింగు అతుకు వేసి చూపిస్తుంటే మూడు రోజులు స్టూలు వేసుకుని పక్కనే కూర్చుంది. గన్ను ఎంత వేగంతో జరుపుతాడు, ఎక్కడ మొదలుపెడతాడు, ఎక్కడ ఆపుతాడు, అన్నీ గడియారం పెట్టి రాసుకుంది. నేను తుమ్మినా రాస్తావా అమ్మాయ్ అని బావ వేళాకోళం చేశాడు. ఆ పిల్ల కాగితం తిప్పి చూపించింది. అతుకు రెండో వరసలో ఒక తుమ్ము, నాలుగు సెకన్లు ఆగాడు అని రాసి ఉంది.

తర్వాత మేడ మీది గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ రింగుని లక్షా ఇరవై వేల చిన్న చిన్న గడులుగా కోసింది. నిజంగా కాదు లెండి, లెక్కలో. ప్రతి గడికీ వేడెంత, పక్క గడి తనని ఎటు లాగుతోంది, తాను ఎంత కదిలింది, అన్నీ లెక్క. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి అంటారట. ఒక రోజంతా గడిచాక తెర మీద జవాబు వచ్చింది. చల్లారాక రింగు అంచు మూడు మిల్లీమీటర్లు కిందికి వంగుతుందని.

బావ నవ్వాడు. నవ్వడమా, కుర్చీలోంచి పడబోయాడు. ముప్పై ఎనిమిది రింగులు పైకి లేచాయి, ఇది మాత్రం నన్ను చూసి సిగ్గుపడి కిందికి పోతుందా అన్నాడు. యజమానికి ఒళ్లు మండింది. ఇంత పెట్టి తెచ్చిన యంత్రం తప్పు చెబుతుందా, అది చెప్పినట్టే ఎదురు వంపు పెట్టమన్నాడు. అలా పెడితే రింగు గంగలో కలిసినట్టేనన్నాడు బావ, పైకి నాలుగు మిల్లీమీటర్లు లేస్తుందని వేళ్లు చూపించాడు. నీ మాట ప్రకారం పెట్టి పాడైతే హెడ్ వెల్డరు కుర్చీ ఖాళీ చేస్తావా అన్నాడు యజమాని. చేస్తానన్నాడు బావ. మాట మీద మాట పెరిగి అక్కడికి వచ్చి ఆగింది. శుక్రవారం పొద్దున క్లాంపులు బిగించాలి. ఎటు వంచాలో అప్పటికి తేలాలి.

ఇంజనీరమ్మకీ తెలుసు ఎక్కడో తప్పుందని. అంచు కిందికి పోవడం ఆ పిల్ల చదువుకీ అందలేదు. పాత రింగుల కొలతలతో సరిచూసుకుంటే ఏదైనా దొరుకుతుందేమోనని, అక్కా, మీ పుస్తకాలు ఒకసారి తెస్తారా అని కబురు పెట్టింది. కొలతలక్క వెంటనే లేవలేదు. ఆ పుస్తకాల్లో ఏముందో ఆవిడకే కదా తెలుసు. సంచిలో వేసుకుని మెట్లెక్కింది కాని, సంచి తీయలేదు, ఒళ్లోనే పెట్టుకుని కూర్చుంది.

అప్పుడు ఆ పిల్ల తెర తిప్పి చూపించింది.

ఎలా చెప్పాలి? ఇరవై రెండేళ్లుగా ఆవిడ పలకని ముందు చూసింది, తర్వాత చూసింది. మధ్యలో ఏం జరుగుతుందో ఆవిడే కాదు, ఎవరూ చూడలేదు. చూద్దామంటే ఆ మంట కళ్లు పొడుస్తుంది. మంటని దాటి చూసినా కదలిక వెంట్రుకంత, అంత నెమ్మది. అదే తెర మీద యాభై రెట్లు పెంచి, రెండు రోజుల పనిని రెండు నిమిషాలకి కుదించి నడుస్తోంది. వేడిచుక్క ముందుకు పోతుంటే దాని ఎదురుగా పలక ఉబ్బుతోంది, అది దాటిపోగానే ముడుచుకుంటోంది. గట్టి ఇనుము, నిద్రపోయే పిల్లాడి పొట్టలాగా లేస్తోంది, దిగుతోంది. కొలతలక్క కుర్చీ తెర దగ్గరికి జరుపుకుంది. నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. ఇంతకాలం తాను కొలిచింది ఇంత జరిగాక మిగిలిన ఆఖరి ముక్కనా అనుకుంది.

మళ్లీ వేయమంది. మళ్లీ వేసింది. ఏడు సార్లు చూసింది మహాతల్లి. ఇంజనీరమ్మ రంగులు చెప్పింది. ఎరుపంటే లాగుతోందని, నీలమంటే నెడుతోందని, తెలుపంటే రెండూ లేవని. అప్పటినుంచి ఆవిడ పలకని వదిలేసి గాడిలో కొత్తగా పడే లోహాన్నే చూడటం మొదలుపెట్టింది. ముక్కలు ముక్కలుగా ప్రత్యక్షమవుతోంది. ప్రతి ముక్కా పుడుతూనే ముదురు నీలం.

"అమ్మాయ్, ఇది అప్పుడే కరిగి పడిన లోహం కదా," అంది. "నీళ్లలాగా ఉంటుంది. అది ఎవర్ని నెడుతుంది?"

ఇంజనీరమ్మ వివరించబోయింది. గాడిలో నిండబోయే లోహానికి కూడా మొదటినుంచే గడులు ఉంటాయట, కాకపోతే నిద్రపుచ్చి ఉంచుతారట. బలం ఉండదు, అడ్డు చెప్పవు, ఉన్నా లేనట్టే. మంట దగ్గరికి రాగానే వాటిని లేపుతారు, అప్పటినుంచి అవి ఇనుము. కొలతలక్క శ్రద్ధగా విని, చీర చెంగుతో మొహం తుడుచుకుని, ఇంకొక్కటి అడిగింది.

"నిద్రలో ఉండగా వాటిని ఎవరైనా నలిపారా?"

ఆ పిల్ల తెర వైపు తిరిగింది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది. నలిపారు. మంట వస్తుంటే పలకలు ఉబ్బి గాడి ఇరుకైంది. మధ్యలో నిద్రపోతున్న గడులు దూదిలాగా నలిగాయి. నలిగినప్పుడు ఏమీ అనలేదు, బలం లేదు కదా. ఆ నలుగుడంతా గుర్తు పెట్టుకుని, లేపగానే ఉన్న బలమంతా తెచ్చుకుని ఎదురు నెట్టాయి. అందుకే అంచు కిందికి పోయింది. కరిగిన లోహానికి గతం ఉండదు. అది పుట్టిన క్షణంలో అంతవరకూ జరిగింది ఏదీ దానికి అంటకూడదు. లేపేటప్పుడు ఆ పాత నలుగుడు తుడిచేయమని చెప్పడం ఇంజనీరమ్మ మరిచిపోయింది. మొత్తం కలిపి ఒక్క వరస ఆజ్ఞ.

అక్కా, మీరు ఏం చదువుకున్నారు అని అడిగింది ఆ పిల్ల. కొలతలక్క కొంచెం సిగ్గుపడి, నలుగురు పిల్లల్ని నిద్రలేపానమ్మా అంది.

మర్నాడు కొత్త జవాబు వచ్చింది. ఈసారి ప్రతి ముక్కా తెల్లగా పుట్టి, చల్లారుతూ మెల్లగా ఎరుపెక్కింది. చల్లారాక అంచు పైకి లేచింది, నాలుగు మిల్లీమీటర్లు. బావ ఏనాడో వేళ్లు చూపించి నాలుగు అన్నాడు. యజమాని మొహం చిన్నబోయింది, కాని పెద్దమనిషే, ఒప్పుకున్నాడు. బావ ఇక ఆగుతాడా, ఛాతీ విరుచుకుని షాపంతా తిరిగాడు. నా లెక్కకి ఆ కంప్యూటరు సాక్షి సంతకం పెట్టిందన్నాడు. కథ అక్కడితో అయిపోవాల్సింది.

సాయంత్రం ఇంజనీరమ్మ మళ్లీ పిలిచింది. ఇంకో తప్పు దొర్లినట్టుందక్కా, ఇదెక్కడిదో అర్థం కావట్లేదంది. రింగంతా నున్నగా వచ్చింది, ఒక్క చోట మాత్రం గుంట. అతుకు మొదలై చుట్టూ తిరిగొచ్చి కలిసే చోట. లోతు రెండు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. మేస్త్రి రింగులు అద్దాల్లా ఉంటాయని అందరూ అంటారు కదా, కాబట్టి ఇది నా లెక్కలోని చెత్తే అయి ఉంటుంది, అక్కడ గడులు సవరించి నునుపు చేసేస్తానంది.

కొలతలక్క ఆ గుంటని చూస్తూ నిలబడిపోయింది. ఆ కంప్యూటరుకి బావ ఎవరో తెలియదు. ఆయన మొహం చూడలేదు, ఆయన రింగు ఒక్కటీ తాకలేదు. గన్ను ఇంత వేగంతో పోయింది, ఇక్కడ మొదలైంది, ఇక్కడ ఆగింది, నాలుగు సెకన్లు తుమ్మింది, దానికి చెప్పింది అంతే. అంత మాత్రానికే అది ఇరవై రెండేళ్లుగా తాను కడుపులో దాచుకున్నదాన్ని తీసుకొచ్చి తెర మీద పెట్టింది. ఎవరూ చెప్పని నిజం లెక్కలోంచి దానంతట అదే ఎలా వస్తుంది? ఆవిడకి దణ్ణం పెట్టాలనిపించింది. భయం కూడా వేసింది, ఎందుకు దాచాలి.

ఒక్క క్షణం ఆగి ఆవిడ పరిస్థితి ఆలోచించండి. నోరు మూసుకుంటే చాలు. ఆ పిల్ల గుంటని చెరిపేస్తుంది, అబద్ధం భద్రంగా ఉంటుంది, బావ అద్దం బావకి ఉంటుంది. రింగు మాత్రం రెండు మిల్లీమీటర్లు పోతుంది. ఆ ఆసుపత్రి యంత్రం ముందు పడుకునే మనిషెవరో ఆవిడకి తెలియదు. తెలియకపోతే మాత్రం ఏం, మనిషి మనిషే. నోరు విప్పితే బావ మొహం చూడాలి. ఏది కష్టమో ఆవిడనే అడగాలి. సంచి ముడి విప్పి, నోటుబుక్కులన్నీ తీసి బల్ల మీద పేర్చింది. "చెరపకు తల్లీ, అది తప్పు కాదు," అంది. ఇంజనీరమ్మ ఒక్కో పుస్తకం తిప్పింది. ముప్పై ఎనిమిదో రింగు దాకా వచ్చేసరికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. అక్కా, నా లెక్క నిజమేనన్నమాట అని గొణిగింది.

బావకి చెప్పడానికి ఆవిడ మర్నాటి పొద్దుటి దాకా ఆగలేదు. ఆగితే ధైర్యం చల్లారుతుందని తెలుసు. ఆయన చేతి తొడుగులు విప్పి గోడకి తగిలిస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడింది. మామూలుగానే ఆయన ఏదో పరాచికం మొదలుపెట్టాడు. ఈవిడ నవ్వకపోయేసరికి ఆగాడు. చెప్పేసింది. కలిసే చోట గుంట ఉంటుంది బావా, మొదటినుంచీ ఉంది, రెండు మిల్లీమీటర్లు, పాసయ్యే లోపే, కాని ఉంది, నేను నీకు చెప్పలేదు, ఇప్పుడు ఆ అమ్మాయి వేసిన బొమ్మలోనూ అదే చోట వచ్చింది.

"అన్నిట్లోనా?"

"అన్నిట్లో."

ఆయన తొడుగులు మేకుకి తగిలించబోయి, తగిలించలేక, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. తిడతాడేమోననుకుంది, తిట్టినా బాగుండేది. మా అక్కతో చెప్పి నాలుగు వేయించినా పడేదాన్ని అని తర్వాత ఎవరితోనో అంది. ఆయన ఎందుకు చెప్పలేదని కూడా అడగలేదు. ఆ బొమ్మ ఎక్కడుంది, చూపించమన్నాడు.

మేడ మీది గదిలో చేతులు ఒళ్లో పెట్టుకుని, డాక్టరు దగ్గర కూర్చున్నవాడిలా కూర్చున్నాడు. వెల్డరు కూడా తన పనిని చూసి ఎరగడు, ఈ సంగతి మనకి తట్టదు. నల్లటి అద్దం వెనక ఆయనకి కనిపించేది బఠాణీ గింజంత వెలుగు, అంతే. ముప్పై ఏళ్లుగా ఆ గింజనే చూస్తూ బతికాడు. ఇప్పుడు దాని చుట్టూ ఇనుము మొత్తం కదులుతుంటే కళ్లప్పగించి చూశాడు. ఇదంతా నా చేతి కిందేనా అమ్మాయ్ అన్నాడు. మీ చేతి కిందేనంది ఆ పిల్ల. ఆరు వరసల అతుకు. ఆరూ ఒకే చోట మొదలై ఒకే చోట ముగుస్తున్నాయి. మొదలుపెట్టిన చోటే ముగించాలని ఆయనకి పని నేర్పినాయన చెప్పాడు, కేబులు కూడా ఆ పక్కనుంచే వస్తుంది, ఆయన ఎన్నడూ వేరేగా చేయలేదు. అతుకు బలానికి ఏ లోటూ రాలేదు కాబట్టి ఎవరూ వేలెత్తి చూపలేదు. కాని ప్రతి వరసలోనూ ఆఖరి జానెడు ముక్క అటూ ఇటూ గట్టిపడిపోయిన లోహం మధ్య ఇరుక్కుని చల్లారుతోంది, దాని లాగుడంతా ఒక్క చోట పడుతోంది. ఆరు లాగుళ్లు, ఒకదాని మీద ఒకటి. తెర మీద ఆ చోటు ఎర్రగా, ఇంకా ఎర్రగా, ఆఖరికి నెత్తుటి ముద్దలా అయింది.

బావ వేలు పెట్టి ఆ ఎరుపుని తాకాడు. పాపం, దీన్ని ఇన్నేళ్లూ పీకి పెట్టాను అన్నాడు, మనిషి గురించి అన్నట్టే.

ఆ తర్వాత ఆయనే చెప్పాడు, ఇంకెవరూ చెప్పలేదు. ఆరు వరసలకి ఆరు చోట్ల మొదలుపెడితే? ఒకటి ఇటైతే రెండోది దానికి ఎదురుగా? ఇంజనీరమ్మ అలాగే లెక్క వేసింది. గుంట పావు మిల్లీమీటరుకి వచ్చింది. యజమాని శుక్రవారాన్ని సోమవారం చేశాడు, పొడుగు కేబులు తెప్పించాడు. అంచుని నాలుగు మిల్లీమీటర్లు కిందికి వంచి క్లాంపులు బిగించారు. బావ రింగు చుట్టూ ఆరు చోట్ల సుద్దతో గుర్తులు పెట్టుకున్నాడు. చెయ్యి అలవాటు కొద్దీ పాత చోటికే పోతుంటే నాలుక కరుచుకుని వెనక్కి వచ్చేవాడు. ఒకసారి పోనే పోయాడు, గన్ను నొక్కబోతుంటే కొలతలక్క బావా అని అరిచింది. కొలిచేవాళ్లు వెల్డరు పనిలో కల్పించుకోకూడదు, అదీ ఆ కట్టుబాటే. ఆ పూట ఎవరూ పట్టించుకోలేదు.

వెల్డింగు రెండు రోజులు పట్టింది. చల్లారడానికి ఇంకో రోజంతా వదిలారు. క్లాంపులు విప్పేటప్పుడు షాపులో గ్రైండర్లన్నీ ఆపేశారు, ఆపమని ఎవరూ చెప్పకుండానే. ఒక్కో క్లాంపు వదులవుతుంటే ఇనుము టిక్కుమని చిన్నగా చప్పుడు చేసింది. అంతసేపూ బావ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. కొలతలక్క గేజి పెట్టి మొదలుపెట్టింది. సున్నా. సున్నా. పదో వంతు. మళ్లీ సున్నా. యజమాని ఆవిడ వెనకే వంగి వంగి నడుస్తున్నాడు, ఇంజనీరమ్మ గోళ్లు కొరుక్కుంటోంది. పాత కలిసే చోటు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ వేళ్లు చెమట పట్టి గేజి జారింది. తుడుచుకుని మళ్లీ పెట్టింది. సూది కొద్దిగా కదిలి నిలబడింది. ఆవిడ కళ్లకి నీళ్లు అడ్డొచ్చి అంకె అలుక్కుపోయింది, తుడుచుకుని మళ్లీ చదివింది.

పుస్తకంలో రాసింది. రాశాక, ఎన్నడూ లేనిది, తల ఎత్తి షాపంతా వినేలా చదివింది. "అన్నిటికన్నా ఎక్కువ ఇక్కడే. పావు మిల్లీమీటరు."

ఎవరో చప్పట్లు కొట్టారు, యజమాని ఇంజనీరమ్మ తల మీద చెయ్యి వేశాడు. బావ గోడ దగ్గరనుంచి వచ్చి రింగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. గేజిని ముట్టుకోలేదు. సూది ఎక్కడ నిలబడిందో చూశాడు, అంచు మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉంచాడు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. మొహంలో కోపం లేదు, సంబరం కూడా కాదు, అదేదో కొత్తగా చూస్తున్నవాడి మొహం.

"అయితే మరదలా," అన్నాడు, "ఇది నా మొదటి రింగన్నమాట."